జిల్లాలు పెరిగినా అర్రే పెరగదు

తెలంగాణ వచ్చిన రోజు, అంటే 2014 జూన్ 2న, మన జిల్లాలు 10. 2016 అక్టోబర్ 11న, దసరా నాడు, అవి 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట చేరి 33కు వచ్చాయి. మా నల్లగొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. పాలమూరులోంచి ముందు నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల పోయాయి, తర్వాత నారాయణపేట పోయింది. 2021లో మాత్రం లెక్క మారలేదు, పేర్లే మారాయి. వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ ఉత్త వరంగల్ అయింది.

జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో అర్రే (పొడవు మారని వరుస) నుంచి లిస్టుకు (మామూలుగా పెరగగల వరుస) వెళ్లడం చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి సరుకు దొరకలేదు. నేను నల్లగొండలో సాయంత్రాలు డిగ్రీ, బీటెక్ పిల్లలకు జావా చెబుతాను. దేవరకొండ నుంచి, నకిరేకల్ నుంచి బస్సు దిగి వచ్చేవాళ్లు కూడా ఉంటారు. అర్రేల పాఠం అయిపోగానే ఈ జిల్లాల కథనే లెక్కగా ఇస్తాను. పది పేర్లున్న స్ట్రింగ్ (అక్షరాల మాట) అర్రే ఒకటి మీ చేతిలో ఉంది, దాన్ని లిస్టు చెయ్యండి, తర్వాత 2016, 2019, 2021 మార్పులు ఒక్కొక్కటే చేసుకుంటూ రండి అంటాను. చూడ్డానికి చిన్న లెక్కే. పిల్లలు ఎక్కడ ఆగిపోతారో కూడా ముందే తెలుసు, ఎందుకంటే నెట్‌లో వెతికితే ముందుగా తగిలే జవాబు ఒక్క లైనే: అర్రేస్ డాట్ యాజ్‌లిస్ట్.

"సార్, లిస్ట్ అయితే అయింది. ప్రింట్ గూడ మంచిగనే వస్తుంది. సూర్యాపేట ఆడ్ చేస్తే మాత్రం ఎర్ర లైన్లు వడుతున్నయ్."

"ఏమంటుంది?"

"అన్‌సపోర్టెడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్ అంటుంది. లిస్టే గద సార్, ఆడ్ ఎందుకు గాదు?"

"ఉన్న పేరు మార్చి చూసినవా?"

"అది అయితుంది సార్. గదే సమజ్ అయితలేదు."

ఈ ప్రశ్న అడిగిన పిల్లవాడు తెలివైనవాడు. చాలామంది అడగరు. ఎర్ర లైన్లు చూడగానే మళ్లీ వెతికి, ఇంకో లైన్ తెచ్చి అతికిస్తారు. ఈసారి పని అవుతుంది, లెక్క అయిపోయిందనుకుంటారు. మొదటిది ఎందుకు కాలేదో, రెండోది ఎందుకు అయిందో తెలియకుండానే ల్యాబ్ రికార్డులోకి ఎక్కిపోతుంది.

జావాలో అర్రే పుట్టేటప్పుడు ఎంత పొడవుంటే చచ్చేదాకా అంతే. దాన్ని పెంచే దారి భాషలోనే లేదు. కాబట్టి అర్రేని లిస్టు చేశానని ఎవరన్నా, జరిగింది రెండింటిలో ఒకటే. ఆ అర్రేని అక్కడే ఉంచి పైన లిస్టు అనే ముసుగు వేసి ఉంటారు, లేదంటే లోపలున్నవాటిని ఇంకో చోటికి కాపీ చేసి ఉంటారు. ఏ లైన్ ముసుగు వేస్తుందో, ఏ లైన్ కాపీ చేస్తుందో చెప్పకుండా ఆ లైన్లను పిల్లలకు నేర్పడం దండగ అన్నదే నా వాదన.

యాజ్‌లిస్ట్ వేసేది ముసుగు. అది ఇచ్చిన వస్తువు క్లాసు ఏమిటో అడిగి ప్రింట్ చేయిస్తే జావా డాట్ యుటిల్ డాట్ అర్రేస్ డాలర్ అర్రేలిస్ట్ అని వస్తుంది. అంటే అర్రేస్ అనే క్లాసు పొట్టలో దాక్కున్న ఒక ప్రైవేటు క్లాసు. మనందరికీ తెలిసిన జావా డాట్ యుటిల్ డాట్ అర్రేలిస్ట్ వేరు. ఒకే ప్యాకేజీలో ఒకే పేరుతో రెండు! ఇలా పేరు పెట్టినవాళ్లను నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఆ ముసుగు మీద ఆడ్ చేస్తే, లోపలి అర్రేలో చోటు లేదు కాబట్టి ఎక్సెప్షన్, అంటే ప్రోగ్రాం నడుస్తూ మధ్యలో తప్పు చెప్పి ఆగిపోవడం. రిమూవ్ చేసినా ఎక్సెప్షనే, ఎందుకంటే అర్రే తగ్గదు కూడా. ఉన్న చోట పేరు మార్చడానికి మాత్రం అడ్డు లేదు. 33 పేర్ల అర్రే మీద యాజ్‌లిస్ట్ వేసి 2021 మార్పు చెయ్యండి, కిమ్మనకుండా అయిపోతుంది. 2016 మార్పు దగ్గర కూలుతుంది. మన జిల్లాల చరిత్రలో ఒక సంవత్సరానికి పనికొచ్చి రెండు సంవత్సరాలకు పనికిరాని లిస్టు అది.

ఎక్సెప్షన్ నయం, కనీసం అరుస్తుంది. అసలు ప్రమాదం అరవని చోట ఉంది. లిస్టులో వరంగల్ అర్బన్ తీసి హనుమకొండ పెడితే, కింద ఉన్న అర్రేలో కూడా హనుమకొండ అవుతుంది. పాత పేర్లు అర్రేలో భద్రంగా ఉన్నాయి, కొత్తవి లిస్టులో ఉన్నాయి అనుకొని పాత-కొత్త పట్టిక అచ్చు వేయబోతే రెండు వరుసల్లోనూ హనుమకొండే కనిపిస్తుంది. ప్రోగ్రాం ఆగదు, తప్పు చెప్పదు. ఇలాంటిది పరీక్షలో దొరకదు, ఉద్యోగంలో దొరుకుతుంది.

అయితే యాజ్‌లిస్ట్ పనికిమాలిందని నేననను. అది 1998లో జావా కిట్ అయిన జేడీకే 1.2తో, కలెక్షన్లతో (లిస్టు లాంటి నిల్వ క్లాసులతో) పాటే వచ్చింది. అర్రేలు అడిగే కోడుకూ, కలెక్షన్లు అడిగే కోడుకూ మధ్య వంతెనగా పెట్టామని దాని డాక్యుమెంటేషనే చెబుతుంది. వంతెనగా అది మంచి సాధనం. ఒక అర్రేని కలగాపులగం చెయ్యాలంటే యాజ్‌లిస్ట్ వేసి కలెక్షన్స్ డాట్ షఫుల్‌కు ఇస్తే చాలు, ఒక్క కాపీ లేకుండా అసలు అర్రేనే కలిసిపోతుంది. పది పేర్లలో ఫలానాది ఉందా అని చూడాలన్నా, ఒక లిస్టు అడిగే మెథడ్‌కు చదువుకోవడానికి ఇవ్వాలన్నా అదే సరైనది. అక్కడ కాపీ చేయడం ఉత్త వృథా.

నా కోపం దాని మీద కాదు, లిస్ట్ అనే ఇంటర్‌ఫేస్ (ఏయే పనులు అడగొచ్చో చెప్పే జాబితా) మీద. అందులో ఆడ్ ఉంది, కంపైలర్ ఒప్పుకుంటుంది, నడిచేటప్పుడు మాత్రం కాదంటుంది. ఆడ్ అన్నది ఐచ్ఛికం, ఇష్టముంటే ఇస్తాం లేకుంటే లేదు అని డాక్యుమెంటేషన్‌లో రాసి చేతులు కడుక్కున్నారు. మారే లిస్టుకు ఒకటి, మారనిదానికి ఒకటి, పొడవు మాత్రమే మారనిదానికి ఇంకొకటి అని విడగొడుతూ పోతే ఇంటర్‌ఫేసులు లెక్కకు మించిపోతాయని ఆ రోజుల్లో వాళ్ల సమాధానం. అర్థమయ్యే సమాధానమే గానీ, ఆ బరువు తెచ్చి మొదటి సంవత్సరం పిల్లల నెత్తిన పెట్టారు. సీ షార్ప్ అనే భాష కూడా ఈ విషయంలో పత్తిత్తేం కాదు. అక్కడ అర్రేని నేరుగా ఐలిస్ట్ అనే ఇంటర్‌ఫేసు వేరియబుల్‌లో పెట్టొచ్చు, ఆడ్ పిలిస్తే నాట్ సపోర్టెడ్ ఎక్సెప్షన్ వస్తుంది. అక్కడి టులిస్ట్ మాత్రం నిజంగా కాపీ చేసి, పెరిగే లిస్టే ఇస్తుంది.

ఈ విషయంలో నాకు నచ్చింది కాట్లిన్ అనే భాష. అందులో లిస్ట్‌కు ఆడ్ అనేదే లేదు, మ్యూటబుల్ లిస్ట్‌కు ఉంది. యాజ్‌తో మొదలయ్యే మెథడ్ ముసుగు వేస్తుంది, టుతో మొదలయ్యేది కాపీ చేస్తుంది. పెంచుకోవాలంటే టుమ్యూటబుల్‌లిస్ట్ అని అడగాలి. సూర్యాపేట కలపడం కుదరదన్న సంగతి రన్ కొట్టకముందే ఎడిటర్ చెబుతుంది.

ఇక పిల్లలు రెండోసారి వెతికి తెచ్చే లైన్ సంగతి. న్యూ అర్రేలిస్ట్ అని రాసి, దాని బ్రాకెట్లలో యాజ్‌లిస్ట్ పెడతారు. ఇది కాపీ. ముసుగు వేసి, ముసుగులోంచి చూసి, ఉన్నవన్నీ కొత్త చోటికి ఎత్తుకుంటుంది. ఖాళీ అర్రేలిస్ట్ తీసుకొని కలెక్షన్స్ డాట్ ఆడ్ఆల్‌తో నింపినా అదే పని. ఇకమీదట సూర్యాపేట చేరుతుంది, నారాయణపేట చేరుతుంది, పాత అర్రే పాతగానే ఉంటుంది.

కానీ లోపల ఏం జరుగుతోంది? అర్రేలిస్ట్ కూడా లోపల అర్రేనే పెట్టుకుంటుంది. పాలమూరు దిక్కు గొర్లు కాసేవాళ్లు మంద పెరిగితే దొడ్డిని సాగదీయరు. పక్కన పెద్ద దొడ్డి కట్టి, మందను అందులోకి తోలి, పాతది వదిలేస్తారు. అర్రేలిస్ట్ చేసేదీ ఇంతే. అసలు తెలివంతా కొత్తది ఎంత పెద్దగా కట్టాలన్న దాంట్లో ఉంది. ఓపెన్‌జేడీకేలో ఖాళీ అర్రేలిస్ట్‌కు మొదటిది చేర్చగానే 10 గదులు వస్తాయి. నిండితే ఉన్నదానికి సగం కలుపుతారు: 10, 15, 22, 33, 49, అలా.

ఆ వరుస ఒకసారి మళ్లీ చదవండి. 2014లో 10 జిల్లాలకు 10 గదులు నిండుగా. 2016లో 21 ఒక్కొక్కటే చేరిస్తే 15, 22 దాటి 33 గదులవుతాయి, 31 నిండి రెండు ఖాళీ. 2019లో ఆ రెండూ నిండిపోతాయి. ఇది ఉత్త కాకతాళీయమే, జావా రాసినవాళ్లకు ములుగు ఎక్కడుందో తెలియదు. అయినా బోర్డు మీద ఈ అంకెలు పడ్డప్పుడు వెనక బెంచీ కూడా తలెత్తుతుంది. ఈ 33 పేర్లు చేరడానికి లోపల జరిగిన ఎత్తివేతలు (పాత చోటి నుంచి కొత్త చోటికి కాపీలు) 10, 15, 22, మొత్తం 47. 34వ జిల్లా వస్తే ఇంకో 33 ఎత్తి 49 గదులకు పోవాలి.

"ఒక్కటే గది పెంచుకోవచ్చు గద సార్, మెమరీ మిగులుతది" అని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అంటారు. చెయ్యమంటాను. ఖాళీ నుంచి వెయ్యి చేర్చేదాకా, ప్రతిసారీ ఒక్క గదే పెంచుతూ పోతే మొత్తం 4,99,500 ఎత్తివేతలు. సగం సగం పెంచుకుంటూ పోతే 12 సార్లు మాత్రమే కదిలి 2,456 ఎత్తివేతలతో అయిపోతుంది, లోపల 1,234 గదులుంటాయి, 234 ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీయే మనం కట్టే ధర. ఒక్కో ఆడ్ ఖర్చు విడిగా చూడకుండా మొత్తం మీద పంచి చూసే ఈ పద్ధతి మీద కంప్యూటర్ శాస్త్రవేత్త రాబర్ట్ టార్జాన్ 1985లో రాసిన పత్రం ప్రసిద్ధం. సగమే ఎందుకంటే, సగమే కానక్కర్లేదు. జీసీసీ సీ ప్లస్ ప్లస్‌లో వెక్టర్ (అక్కడి పెరిగే లిస్టు) రెండింతలు పెరుగుతుంది, మైక్రోసాఫ్ట్ వాళ్ల దాంట్లో ఒకటిన్నర రెట్లు, పైథాన్ లిస్ట్ ఇంకా పొదుపుగా ఎనిమిదో వంతు చొప్పున. ఉన్నదానిలో ఎంతో కొంత భాగం కలపాలి, ఒక స్థిరమైన అంకె కలపకూడదు. సూత్రం అంతవరకే.

ఇక్కడే నాకూ, హైదరాబాద్‌లో ఇదే పని చేసే ఒక స్నేహితుడికీ పడదు. "గివన్నీ ఇంటర్వ్యూల ఎవరడుగుతరన్నా? లైన్ చెప్పు, రన్ చేసి చూపెట్టు, అమీర్‌పేటల గంతే. పిల్లగాండ్లకు జాబ్ గావాలె, పీహెచ్‌డీ గాదు" అంటాడు. అతని మాటలో నిజం లేకపోలేదు. మా దగ్గరికి వచ్చే పిల్లలకు టైమ్ తక్కువ, ఇంట్లో అప్పు ఉంటుంది, ఉద్యోగం తొందరగా రావాలి. కానీ నేను పట్టు వదలని చోటు ఒకటుంది. అర్రేలిస్ట్ పేరు ఎత్తకముందు ప్రతి ఒక్కరితో చేత్తో ఒక లిస్టు కట్టిస్తాను. ఒక అర్రే, ఎన్ని నిండాయో చెప్పే ఒక లెక్క, ఆడ్, గెట్, నిండినప్పుడు పెద్ద అర్రే చేసి కాపీ చేసే ఒక మెథడ్. ఒక పేజీ దాటదు. ఒక సాయంత్రం పోతుంది, నిజమే. అది కట్టిన పిల్ల మర్నాడు యాజ్‌లిస్ట్ ఎర్ర లైన్లు చూసి నా దగ్గరికి రాదు. "దీనికి గ్రో చేసే మెథడ్ లేదేమో" అని తనే సోర్సు తెరుస్తుంది. ఇంటర్వ్యూలో అర్రేకూ అర్రేలిస్ట్‌కూ తేడా ఏమిటి అన్న ప్రశ్న మాత్రం తప్పకుండా వస్తుంది కదా, దానికి వల్లెవేసిన జవాబుకూ కట్టినవాళ్ల జవాబుకూ తేడా అడిగేవాళ్లకు తెలియదా?

కాపీ అంటే ఎంత లోతు కాపీ అన్నది కూడా చేత్తో కట్టినవాళ్లకే తొందరగా అందుతుంది. అర్రేలో ఉన్నది స్టూడెంట్ వస్తువులైతే, కొత్త లిస్టులోకి వెళ్లేవి వాటి చిరునామాలే. లిస్టులో ఉన్న పిల్లవాడి మార్కులు మారిస్తే అర్రేలో ఉన్నవాడికీ మారతాయి, ఎందుకంటే వాడూ వీడూ ఒక్కడే. స్ట్రింగులకు ఈ బాధ లేదు, అవి మారవు. అందుకే జిల్లాల లెక్కలో ఇది బయటపడదు.

పూర్ణాంకాల అర్రే అయితే కథే వేరు. ఇంట్ అర్రే మీద యాజ్‌లిస్ట్ వేసి సైజు అడిగితే 1 అంటుంది. జావాలో జెనరిక్స్ (లిస్టులో ఏ రకం ఉండాలో చెప్పే ఏర్పాటు) ఇంట్ లాంటి ప్రాథమిక రకాలను తీసుకోవు కాబట్టి, మొత్తం అర్రేనే ఒక్క వస్తువుగా లిస్టులో పడేస్తుంది. లిస్ట్ ఆఫ్ ఇంటీజర్ అని టైపు రాస్తే కంపైలరే ఆపుతుంది. టైపు బదులు వార్ అని రాసి వదిలేసే అలవాటున్నవాళ్లకు అదీ లేదు. స్ట్రీమ్ చేసి, బాక్స్‌డ్ చేసి, కలెక్ట్ చేసే దారి ఉంది, అందంగానే ఉంటుంది. కొత్తవాళ్లకు నేను ఫర్ లూపే చెబుతాను. నాలుగు లైన్లు ఎక్కువైనా ప్రతి ఇంట్ ఒక ఇంటీజర్ వస్తువు అవడం కంటికి కనిపిస్తుంది.

అది కనిపించాలి కూడా, ఎందుకంటే అది ఖరీదైన పని. పది లక్షల ఇంట్‌లు అర్రేలో 40 లక్షల బైట్లు. జావా ప్రోగ్రాంలను నడిపే మామూలు 64 బిట్ హాట్‌స్పాట్ మీద ఒక్కో ఇంటీజర్ వస్తువుకు 16 బైట్లు, దాని చిరునామాకు ఇంకో 4. అంటే దాదాపు రెండు కోట్ల బైట్లు, ఐదింతలు. ఇంకో తద్దినం: ఇంటీజర్ల లిస్టులో రిమూవ్ 35 అంటే 35 మార్కులు తీసేయడం కాదు, 35వ ఇండెక్సులో ఉన్నది తీసేయడం.

పైథాన్ నేర్చిన పిల్లలు ఇదంతా చూసి నవ్వుతారు. వాళ్ల లిస్టు మొదటి నుంచీ పెరిగేదే. అంకెల లెక్కలకు వాడే నంపై దగ్గరికి వచ్చేసరికి వాళ్ల నవ్వూ ఆగుతుంది. అక్కడ అర్రే మళ్లీ స్థిరమే, అపెండ్ అన్న ప్రతిసారీ మొత్తం కొత్తగా కాపీ అవుతుంది. లూపులో పెడితే పైన చెప్పిన ఒక్కో గది పెంచే లెక్కే. లిస్టులో పోగు చేసి చివర్లో ఒకసారి అర్రే చేసుకోవడమే పద్ధతి. అంటే ఇక్కడ మార్పిడి ఎదురు దిశలో నడుస్తుంది.

మరి అసలు అర్రేలే వద్దు, మొదటి నుంచీ లిస్టే రాస్తే పోలా అంటారు కొందరు. జిల్లాల విషయంలో నేనూ ఒప్పుకుంటాను. ప్రభుత్వం జీవో ఇస్తే మారే దేన్నైనా అర్రేలో పెట్టకూడదు, మండలాలైనా రెవెన్యూ డివిజన్లైనా అంతే. కానీ నెలలు 12, వారాలు 7, ఒక ఫొటోలోని పిక్సెళ్లు ఇన్ని అని ముందే తెలిసినవి ఉన్నాయి, వాటికి అర్రేనే తేలిక. పైగా మనం వద్దన్నా అర్రేలు వస్తూనే ఉంటాయి. స్ట్రింగ్ స్ప్లిట్ చేస్తే అర్రే, ఫోల్డరులో ఫైళ్లడిగితే అర్రే, మెయిన్‌కు వచ్చేదే అర్రే. కామాలతో ఉన్న ఒక లైను చదివి, స్ప్లిట్ చేసి, చివర మొత్తం అనే కాలమ్ కలపాలంటే మళ్లీ మన పాత ప్రశ్నే. మార్పిడి తప్పదు, ఏది ముసుగో ఏది కాపీయో తెలుసుకోక తప్పదు.

ఈ మధ్య ఇంకో రెండు చేరాయి. 2017లో జావా 9తో వచ్చిన లిస్ట్ డాట్ ఆఫ్ అర్రేని కాపీ అయితే చేస్తుంది, కానీ ఆ తర్వాత ఆడ్ కాదు సరిగదా, పేరు మార్చనివ్వదు కూడా. నల్ (ఏమీ లేదన్న గుర్తు) ఉంటే అసలు తీసుకోదు. యాజ్‌లిస్ట్ మీద నడిచిన 2021 మార్పు దీని మీద నడవదు. 2021లోనే జావా 16తో స్ట్రీమ్‌కు నేరుగా టులిస్ట్ వచ్చింది, అదీ మారని లిస్టే ఇస్తుంది. పాత కోడులో కలెక్ట్, కలెక్టర్స్ డాట్ టులిస్ట్ అని పొడుగ్గా ఉన్న చోట ఎడిటర్ పసుపు గీత గీసి, దీన్ని పొట్టిగా రాసుకోవచ్చు కదా అంటుంది. ఒక్క క్లిక్‌తో మార్చేస్తారు. పాతది మారే లిస్టు ఇస్తానని ఏనాడూ మాట ఇవ్వలేదు గానీ ఇన్నేళ్లూ ఇచ్చింది అర్రేలిస్టే, కింద ఎక్కడో దాని మీద ఆడ్ చేసే కోడు ఉండనే ఉంటుంది. పొట్టి లైన్ కంపైల్ అవుతుంది, నడుస్తుంది, ఆ ఆడ్ దగ్గర పడిపోతుంది. పెంచాల్సిన లిస్టు అయితే కలెక్టర్స్ డాట్ టుకలెక్షన్ అని రాసి, అర్రేలిస్టే కావాలని పేరు పెట్టి అడగమంటాను. లైన్ ఇంకా పొడుగవుతుంది. పిల్లలు సణుగుతూనే టైపు చేస్తారు.